ముప్పై డిగ్రీలు

పుంటా అరేనాస్‌లో జూన్ నెల, ఐదింటికే చీకటి.
పీతల ఫ్యాక్టరీలో షిఫ్టు దిగి
నిమ్మచెక్కతో చేతులు రెండుసార్లు రుద్దుకుని
పైపు ఫిట్టర్ల రాత్రిబడికి వచ్చాను.
నలభై ఒకటో ఏట, మొదటి బెంచీ.
పక్కనున్న కుర్రాడు నెల్సన్
ఒకసారి ముక్కు ఎగబీల్చి
మర్యాదగా కిటికీ వైపు తిరిగాడు.

బార్రియెంతోస్ మాస్టారికి ఒక చెవి వినపడదు.
ఓడల రేవు మింగేసిందట.
అందుకే బోర్డుతో కూడా అరిచే మాట్లాడతాడు.
"అడ్డగీత మర్చిపొండి!
ఈ కాగితం మీద నేల అడ్డంగా ఉండదు.
నిలువు ఒక్కటే నిలువు.
తక్కినవి కుడికి ముప్పై, ఎడమకి ముప్పై."

నాకు నవ్వొచ్చింది.
ఈ ఊళ్లో నిలువుగా ఉన్నదేముంది?
కొండ మీద లెంగా చెట్లు మొలిచిన్నాటి నుంచీ
పడమటి గాలికి ఒరిగే ఉన్నాయి.
గాలి ముదిరిన రోజున
వీధి మొగలో కట్టిన తాడు పట్టుకుని
మేమూ ఒరిగే నడుస్తాం.
వంకర మాకు కొత్త కాదు,
కొలిచి వంచడమే కొత్త.

మొదటి ఘనం ఉబ్బిన రొట్టెలా వచ్చింది.
రెండోదానికి వెనక అంచు కురచైంది.
"ఎందుకు తగ్గించావ్?"
"దూరంగా ఉంది కదా మాస్టారూ."
"నీ కంటికి దూరం.
పైపు కోసేవాడికి కాదు.
ఇక్కడ ఆరు సెంటీమీటర్లంటే అక్కడా ఆరే!"
రబ్బరు నా ముందుకు తోశాడు.

పొట్టు ఊదుతూ ఆలోచించాను.
పందొమ్మిదేళ్లుగా పెట్టెల్లో పీతకాళ్లు సర్దుతున్నాను,
పెట్టెను మాత్రం ఒక్కనాడూ చూడలేదు.
ఎటునుంచి చూసినా మహా అయితే మూడు ముఖాలు.
తక్కిన మూడూ ఉన్నాయన్న నమ్మకం మీదే మూత వేస్తాం.
మూడోసారి ఘనం మానేసి మా పెట్టెనే గీశాను.
నలభై, ముప్పై, ఇరవై.
స్కేలు కంటే ముందు చేతికి తెలుసు.
నెల్సన్ తొంగి చూసి
"పీతలేవి పిన్నీ?" అన్నాడు.

గుండ్రం దగ్గర కథ మళ్లీ మొదటికొచ్చింది.
పైపు నోరు గుండ్రమే, కాగితం మీద కోడిగుడ్డు.
కంపాసు నాలుగు చోట్ల గుచ్చి
నాలుగు విల్లులు అతకాలి.
రెండు వారాలు అతకలేదు.
కాగితానికి చిల్లులు పడ్డాయి.

జులై చివర, ఏటవాలు గీత.
"దీన్ని స్కేలుతో కొలవకండి, అబద్ధం చెబుతుంది.
ముందు దాని చుట్టూ ఒక పెట్టె కట్టండి.
ఈ కొస ఎక్కడో, ఆ కొస ఎక్కడో
మూడు దారుల్లోనూ నడిచి తేల్చుకోండి.
అప్పుడు కలపండి."

జలసంధికి అవతల పోర్వెనీర్‌లో మా చెల్లెలు దానిత్సా.
పడవ అమ్మిన డబ్బు దగ్గర మాటలు పోయి ఏడేళ్లు.
ఫెర్రీలో రెండు గంటలు.
నేనెప్పుడూ ఆ రెండు గంటల్నే కొలిచాను.

చేత్తో తాకిన పైపు ఏదైనా గీసుకు రమ్మన్నాడు మాస్టారు.
నేను తాకింది మా పడవలోదే,
ఇంజనుకి సముద్రపు నీళ్లు తెచ్చే ఇత్తడి పైపు.
వాల్వు దాకా గీశాను.
చెక్కగోడ దాటాక గుర్తు లేదు.
ఇంజను కింద దూరేది అది కదా, నేను కాదు.

ఫోన్ మోగింది, మోగింది, ఎత్తింది.
"గోడ దాటాక పైపు పైకా, కిందికా?"
అటునుంచి గాలి.
చాలాసేపు గాలే.
"పైకి. జానెడు. తర్వాత నీ వైపు తిరుగుద్ది."
"నా వైపంటే కుడా, ఎడమా?"
"నువ్వెక్కడ నిలబడ్డావో నాకేం తెలుసు?
ఇప్పుడెందుకది?"
"గీస్తున్నాను."

మాస్టారు ఏడుకి ఐదున్నర వేశాడు.
వాల్వు బాణం తిరగేశానట.